తప్పు బండిదా, మనిషిదా

షెడ్డు తాళంచెవులు ఇంకొకరి చేతిలో పెట్టి కొన్నేళ్లయింది. మోకాళ్లు ఇక బండి కిందికి దూరనివ్వడం లేదు. అయినా ఎవరి బండిలోనైనా పక్క సీట్లో కూర్చున్నప్పుడు ముందు ఏ గేదె అడ్డం వచ్చినా నా కుడికాలు దానంతట అదే నేలను నొక్కుతుంది. తోలేవాళ్లు చూసి నవ్వుతారు. నవ్వుకోనీ. జన్మంతా బ్రేకులు చేసినవాడు ఎవరి కాలినీ అంత తొందరగా నమ్మడు.

ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు తెలివైనవాళ్లు. బండికి ఒక తీగ తగిలించి, ఫోన్‌లో చూసి, జబ్బు ఫలానా అని చెప్పేస్తున్నారు. మంచిదే. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను బాగుచేసిన బండ్ల గొప్పలు చెప్పుకోవాలంటే చాలా ఉన్నాయి గానీ, వాటి వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నన్ను అయోమయంలోకి తోసి, సగం అందులోనే ఉంచేసిన బండి ఒకటుంది. దాని సంగతి చెబుతాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, వింటే నొచ్చుకునే మనిషి ఒకామె ఉండేది. ఆమె పోయినేడు కాలం చేసింది. ఆమె కొడుకు మొన్నొక పెళ్లిలో కలిస్తే అడిగాను. "రాసుకో అన్నా, పేర్లు మాత్రం వద్దు" అన్నాడు. అందుకని ఇందులో ఎవరి పేరూ ఉండదు, నాది కూడా.

మా షెడ్డు రాప్తాడు దాటాక హైవే పక్కన ఉండేది. ఇద్దరం భాగస్థులం. ఇంజన్ల పని ఆయనది, బ్రేకులూ స్టీరింగులూ నావి. ఆయన మంచి పనివాడే, కానీ ఒక బలహీనత ఉంది. ఏ బండి జబ్బయినా ఒక పూటలో దొరక్కపోతే దానికి దిష్టి తగిలిందని తేల్చేసేవాడు. జేబులో నిమ్మకాయ లేకుండా ఆయనను నేను చూడలేదు. పక్క షెడ్డు కమాన్ల సాయిబుది. బండి వెనక ఇరుసు మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలుంటాయి చూశారా, బరువంతా మోసేవి, వాటిని మేము కమాన్ కట్టలంటాం. విరిగినవి మార్చడం, వంగినవి కాల్చి సరిచేయడం ఆయన పని. నేనెంత పెద్దగా అరిచినా ఆయన చిన్నగా మాట్లాడేవాడు. అది నాకు భలే చిరాకుగా ఉండేది.

ఒక ఎండాకాలం పొద్దున ఒక పాత పికప్‌ను ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చారు. ముందు భాగం ఎడమ పక్కకు నలిగిపోయింది. అద్దం లేదు. ఎడమ తలుపును తీగతో కట్టారు. పికప్ స్టీరింగు పట్టుకున్నవాడు నలభై ఏళ్లవాడు, బండి ఆగగానే దిగి పక్కకు పోయి నిలబడ్డాడు. ట్రాక్టరులోంచి ఒక ముసలామె దిగి నేరుగా నా దగ్గరకు వచ్చింది.

"బ్రేకుల మెకానిక్కు నువ్వేనా అప్పా?" అంది.

"నేనేమ్మా."

"ఈ బండి మా ఇంటాయన్ని తినింది. ఏడాది దాటింది. ఇంటి ముందర అట్లే ఉండాది. పోతా వస్తా దాని మొగమే చూస్తాండా." ఆమె గొంతు తగ్గించలేదు. స్టీరింగు పట్టుకొచ్చిన కొడుకు వినేంత దూరంలోనే ఉన్నాడు. "సొట్టలు తీసి రంగు పుయ్యమని రాలేదు నేను. తప్పు బండిదా, వీడిదా, నువ్వు చెప్పల్ల. బండిదైతే బాగు చెయ్యి, నేనే ముందర ఎక్కుతా. వీడిదైతే పాత ఇనుముకు ఏసేస్తా. వీడు ఇంగ స్టీరింగు పట్టేది లేదు."

అలా అడిగినవాళ్లు నా అనుభవంలో లేరు. ఎఫ్.సి. తనిఖీకి నిలబడేలా చెయ్యమంటారు, ఎల్లుండి బాడుగ ఉంది తొందరగా ఇమ్మంటారు. తీర్పు చెప్పమని ఎవరూ బండిని తీసుకురారు. చూద్దాంలెమ్మా అన్నాను. ఆ మాట అన్నాక ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో నాకే తెలుసు.

వాళ్లది జీవాలు మేపే కుటుంబం. మా వైపు జీవాలంటే గొర్రెలూ మేకలూ. బండి కొన్నది సంతకు తోలుకోవడానికి. ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి, బీళ్లలో గడ్డి పోచ లేదు. ఊళ్లో మందలున్నవాళ్లంతా ఉరవకొండ అవతల కాలువ కింద పచ్చిక ఉందని అటు తరలించుకుంటున్నారు. వీళ్లూ పోయారు. కొడుకు తోలుతున్నాడు, పక్కన తండ్రి. మధ్యాహ్నం దారిలో చెట్టు కింద ఆగి సంగటి తిని మళ్లీ బయలుదేరారు. ఒక దిగుడులో మలుపు ఉంది. అక్కడ రోడ్డు పని కోసం సన్న కంకర పోసి ఉంది. బండి మలుపు తిరగలేదు. నేరుగా పోయి మోరీ గోడకు కొట్టుకుంది. ఎడమ వైపు కూర్చున్న తండ్రి అక్కడే పోయాడు. కొడుక్కు చెయ్యి విరిగింది. వెనక జీవాలకు పెద్దగా ఏమీ కాలేదు.

జీవాలను దించడానికి వచ్చినవాళ్ల అడుగులకు కంకరంతా చెదిరిపోయింది, బ్రేకు వేసిన గీతలు ఎవరికీ కనపడలేదు. స్టీరింగు తిప్పిన జాడా లేదు. కడుపునిండా సంగటి, మిట్టమధ్యాహ్నం ఎండ. నిద్రపోయాడని అక్కడికక్కడే తేల్చేశారు. ఊళ్లో ఆ మాట తిరిగి తిరిగి తల్లి చెవిలో పడి అక్కడే కూర్చుంది.

పని మొదలుపెట్టాను. నలిగిన భాగం సరిచేసేవాళ్లు సరిచేశారు, ఇంజను నా భాగస్థుడు చూసుకున్నాడు. బ్రేకుల మీద నేను పడ్డాను. పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ విప్పాను, లోపల రబ్బర్లు బాగున్నాయి. పైపులన్నీ చేత్తో తడుముకుంటూ వచ్చాను, ఎక్కడా చెమ్మ లేదు. నాలుగు చక్రాలూ విప్పాను. లోపలి బ్రేకు షూలు అరగలేదు, అవి పట్టే డ్రమ్ములకు గీతలు లేవు. గొర్రెల మూత్రం కారి కింద పైపులు తుప్పు పట్టి ఉంటాయనుకున్నాను. జీవాలు తోలే బండ్లన్నిటికీ ఉండే జబ్బు అది. ఈ బండికి అదీ లేదు, కింద రేకు పరిచి మూత్రం పక్కకు పోయేలా కాలువ పెట్టుకున్నారు. అంత శ్రద్ధగా ఉంచుకున్న జీవాల బండిని నేను మళ్లీ చూడలేదు. జాకీ మీద ఎత్తి, కొడుకును పెడల్ తొక్కమని, చక్రాలు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. బిగుసుకుని కూర్చున్నాయి. రోడ్డు మీదికి తీసుకుపోయి తోలాను. గీత గీసినచోట ఆగింది.

మొదట సంతోషం వేసింది. తర్వాత భయం వేసింది. అంత బాగున్న బ్రేకులు ఆ రోజు ఏమయ్యాయి? బాగున్న రబ్బర్లు కూడా మార్చాను. ఆయిల్ అంతా తీసి కొత్తది పోసి పైపుల్లోని గాలి తీశాను. మళ్లీ విప్పాను. మళ్లీ బిగించాను. విప్పేకొద్దీ బండి కన్నా నేనే విడిపోతున్నట్టు ఉండేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని చెంచా పట్టుకుని ఆలోచిస్తుంటే మా ఆవిడ "ఆ బండికైనా పెట్టు, తింటుంది" అంది.

ఆ తల్లి పొద్దున్నే బస్సు దిగి వచ్చేది. షెడ్డు ఎదురుగా వేపచెట్టు నీడన కూర్చునేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. నేను ఎటు తిరిగినా ఆమె చూపు నా వీపు మీదే ఉన్నట్టు అనిపించేది. కొడుకు మాత్రం మాతో పాటు పానాలు అందిస్తూ, డ్రమ్ములు తుడుస్తూ తిరిగేవాడు. స్టీరింగు సీట్లో కూర్చోమంటే కూర్చునేవాడు గానీ తాళం చెవి ముట్టుకునేవాడు కాదు.

ఒకనాడు ఇద్దరం బండి కింద పడుకుని ఉన్నప్పుడు అడిగాను. "నిజం చెప్పప్పా. నిద్రపోయినావా?"

 తల తిప్పి చూశాను. పైన ఇనుమును చూస్తున్నాడు.

"తెల్దన్నా. కాలు పెట్టినట్టే ఉండాది నాకు. స్టీరింగు తిప్పినట్టు గూడా ఉండాది. మళ్లా ఊర్లో అందరూ అట్ల అంటాంటే, నిద్ర పోయిందే నిజమేమో అనిపిస్తాది. కలలో గూడా తొక్కుతా ఉంటా. ఏది జరిగిందో, ఏది కలో, రెండూ కలిసిపోయినాయి. నువ్వు చెప్తే అదే నిజమనుకుంటా."

 తల్లి తీర్పు అడుగుతోంది సరే, కొడుక్కి కూడా తన కాలు ఏం చేసిందో నేనే చెప్పాలట.

ఆ సాయంత్రం నా భాగస్థుడు నన్ను పక్కకు పిలిచాడు. "ఏమప్పా, ఇంత తలకాయ నొప్పి ఏంటికి? పైపు పగిలింది, బ్రేకు ఫెయిలైంది, కొత్త పైపు ఏసినాం అని చెప్పు. ఆమె ఎక్కుతాది, వాడు తోలుకుంటాడు. తల్లీ కొడుకూ కలుస్తారు. పుణ్యం గూడా వస్తాది."

"పగలని పైపు పగిలిందంటే, రేపు అదే దిగుడులో బండి మళ్లా నిలబడకపోతే? అప్పుడు ఆ సీట్లో ఆమె ఉంటాది."

"అయితే బండిలో ఏం లేదని చెప్పు."

"ఏం లేదని నాకు తెలుసునా?"

"నీకేం తెలుసప్పా మరి?" అన్నాడు.  ఆయన నిమ్మకాయ తీసి బండి చుట్టూ మూడుసార్లు తిప్పి చక్రం కింద పెట్టాడు. కోప్పడదామనుకున్నాను. ఆ రోజు నా పని ఆయన నిమ్మకాయ కన్నా ఏమంత మెరుగ్గా లేదని తోచి ఊరుకున్నాను.

మర్నాడు కొడుకు బండి వెనక నిలబడి దేన్నో చూస్తున్నాడు. ఏమని అడిగితే, మధ్యలో చెక్కలు అడ్డం పెట్టే కొక్కేలను చూపించాడు. జీవాలను రెండు అంతస్తులుగా ఎక్కించడానికట. కింద ఒక వరస, చెక్కల మీద ఇంకొక వరస.

"ఆ పొద్దు రెండు వరసలూ నిండినాయా?"

"కిక్కిరిసి ఉండాయన్నా. పెద్ద పొట్టేళ్లు గూడా."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అనిపించింది. ఇన్ని రోజులూ నేను ఖాళీ బండికి పరీక్ష పెడుతున్నాను. ఖాళీగా తోలితే ఎవరి బండి నిలబడదు? ఆ రోజు పోయింది ఖాళీ బండి కాదు కదా. పిల్లలూ, మీ ఫోన్ ఎంత తెలివైనదైనా ఇది గుర్తు పెట్టుకోండి, బండిని అది చేసే పని చేయిస్తూ చూడాలి. నాకు ఇంత చిన్న సంగతి తట్టడానికి ఎందుకంత ఆలస్యమైందో ఇప్పటికీ తెలియదు.

పక్కన కడుతున్న గోదాములోంచి ఇసుక బస్తాలు తెచ్చి జీవాల బరువుకు సమానంగా ఎక్కించాం. మా షెడ్డు వెనక గుట్ట మీంచి పాత రోడ్డు ముక్క ఒకటి దిగుతుంది. హైవే వేశాక దాన్ని వదిలేశారు. దాని కింద మలుపు ఉంది, మలుపు దాటితే వేరుశనగ చేను. అప్పటికి చేనులో విత్తనం పడలేదు, అంతా మెత్తటి దుక్కి. పొరపాటున పోయినా ప్రాణానికి భయం లేదు. మలుపులో పలచగా కంకర చల్లించాను. నా భాగస్థుడినీ కొడుకునూ మలుపు పక్కన గట్టు మీద నిలబడమన్నాను. తోలింది నేను.

గుట్ట మీద నుంచి ఓ మోస్తరు వేగంతో దిగాను. మలుపు ముందు బ్రేకు తొక్కి స్టీరింగు తిప్పాను. బండి ఆగలేదు, తిరగలేదు. నా చేతులు తిప్పుతూనే ఉన్నాయి, బండి నా మాట విననట్టు సూటిగా కంకర మీద జారుకుంటూ రోడ్డు దాటి, గట్టు దిగి, చేనులో ముక్కు గుచ్చుకుని నిలబడింది. దుమ్ము లోపలికి కమ్ముకుంది.

తలుపు తీసుకుని దిగలేకపోయాను. నా కాలు ఇంకా పెడల్ నొక్కుతూనే ఉంది. అయినా ఆ నిమిషంలో ఎవరైనా వచ్చి, నువ్వు నిజంగా తొక్కావా అని అడిగి ఉంటే, తొక్కానని గట్టిగా చెప్పగలిగేవాణ్ణి కాదు. తొక్కి ఉంటే ఆగాలి కదా అని నా బుద్ధే నాతో వాదిస్తోంది. కొడుకు అయోమయం ఎలాంటిదో అప్పుడు అర్థమైంది.

నా భాగస్థుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి నిమ్మకాయ ఊసెత్తలేదు. "ముందర చక్రాలు నిలబడిపోయినాయప్పా. కట్టేసినట్టు. ఎనక చక్రాలు దొర్లుతానే ఉండాయి. నేను కండ్లారా చూసినా" అన్నాడు.

కొడుకు గట్టు మీదే కూర్చుండిపోయాడు. "ఇట్లనే పోయింది" అన్నాడు. ఎవరితోనో తెలియదు. "ఇట్లనే పోయింది."

ముందు చక్రాలు పూర్తిగా బిగుసుకుపోతే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు, కంకర మీద జారుకుంటూ పోతుంది. బరువంతా వెనక ఉంది, ఆపాల్సింది వెనక చక్రాలు. అవి పని చేయలేదు. ఎందుకు? బస్తాలు దించకుండానే కిందికి దూరాను. వెనక ఇరుసు నుంచి పైకి ఒక సన్నటి కడ్డీ పోతుంది, పైన ఒక చిన్న వాల్వుకు తగులుతుంది. దాన్ని ఇన్ని రోజులూ చూస్తూనే ఉన్నాను, గ్రీజు కూడా పెట్టాను. దాని పని ఏమిటంటే, బరువు పడి బండి కిందికి కుంగితే కడ్డీ కదులుతుంది, అప్పుడు వాల్వు వెనక చక్రాలకు బ్రేకు ఎక్కువ పంపుతుంది. ఖాళీగా బండి పైకి ఉంటే తక్కువ పంపుతుంది. ఇప్పుడు ఇన్ని బస్తాలున్నా బండి కుంగనే లేదు. కమాన్ కట్టలు లెక్కపెట్టాను. కంపెనీ ఇచ్చినదాని మీద ఒక కట్ట ఎక్కువగా ఉంది, మందపాటిది. అది ఉన్నంతవరకూ ఎంత బరువేసినా బండి పైకే ఉంటుంది, వాల్వు దాన్ని ఖాళీ బండి అనుకుంటూనే ఉంటుంది.

సాయిబును పిలిచాను. ఆయన కిందికి వంగి చూసి, తన చేతి పనిని తానే గుర్తుపట్టాడు. "నేనే ఏసినా ఇది. వానలు ఎగ్గొట్టిన కాలం. ఆ పొద్దు ఈడ ఎంత మంది ఏయించుకోలేదు చెప్పు? రెండు ట్రిప్పులు తిరిగేదానికంటే ఒగ ట్రిప్పులో పోదామని అందరూ కట్టలు ఎక్కించుకున్నోళ్లే."

"ఎవరు ఏయించినారు దీనికి?"

"పెద్దాయన. పక్కనే నిలబడి ఏయించుకున్నాడు. కొడుకు వద్దనే అన్నాడు, బండి ఎత్తు పెరుగుతాదని." ఆయనే మళ్లీ అడిగాడు. "మరి మిగిలిన బండ్లకేమీ కాల్యా గదప్పా?"

అదీ నన్ను ఇంకొంచెం అయోమయంలో పడేసింది. ఆలోచిస్తే జవాబు దొరికింది గానీ నచ్చలేదు. మిగిలిన బండ్లలో ఆ కడ్డీ ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది, లేదా విసుగు పుట్టిన డ్రైవరు తీగతో పైకి కట్టేసి ఉంటాడు. అలా అయితే వెనక చక్రాలకు బ్రేకు అన్ని వేళలా పూర్తిగా అందుతుంది. అది తప్పు పద్ధతే, కానీ కట్టలు ఎక్కించిన బండికి ఆ తప్పే కాపు కాసింది. ఈ ఇంటివాళ్లు మాత్రం ఏ చిన్న ముక్కా పాడు కాకుండా చూసుకున్నారు. శ్రద్ధగా ఉంచుకున్న బండే కొంప ముంచింది. దీన్నుంచి నీతి ఏమిటని మీరు అడిగితే నా దగ్గర లేదు. నేను వెతికాను, దొరకలేదు.

తప్పు ఎవరిదని ఆ రోజంతా నాలో నేనే పంచాయితీ పెట్టుకున్నాను. వాల్వుదా? అది తనకు నేర్పిన పని చేసింది. సాయిబుదా? అడిగితే వేశాడు, అందరికీ వేసినట్టే. పెద్దాయనదా? మంద చావకుండా పచ్చిక దగ్గరకు చేర్చాలనుకున్నాడు, అంతకుమించి ఆయన కోరిందేమీ లేదు. పోనీ వాననే అందామా అంటే, దాన్ని ఏ పంచాయితీకి పిలుస్తాం? సాయిబు మాత్రం ఆ తర్వాత కట్ట ఎక్కించమని వచ్చినవాళ్లను నా దగ్గరకు పంపేవాడు. నేను తిట్టి పంపేవాణ్ణి. వాళ్లు ఇంకొక ఊరు పోయి వేయించుకునేవాళ్లు.

ఆ కట్ట తీయించాను. కడ్డీని కొలతకు సరిచేశాను. బస్తాలతోనే మళ్లీ గుట్ట మీంచి దిగాను. కంకర మీద కూడా బండి మలుపులో తిరిగి, తిరిగినచోట ఆగింది. 

కొడుకును పిలిచి కట్టను చూపించి అంతా చెప్పాను. దాచడానికి నాకు హక్కు లేదనిపించింది. ఆయన దాని పక్కన కూర్చుని వేళ్లతో దుమ్ము తుడిచాడు.

"అయితే నేను నిద్ర పోల్యానా అన్నా?"

పోలేదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాట అది. కానీ బండి సంగతి అడిగిన తల్లికి అబద్ధం చెప్పనన్నవాణ్ణి, కొడుక్కి ఎలా చెప్పను? "అది నాకు తెల్దప్పా" అన్నాను. "నువ్వు మేలుకోనుంటే గూడా బండి నిలబడేది కాదు, తిరిగేది కాదు. అంతవరకూ ఇనుము చెప్తాది. నువ్వు మేలుకోనుండావా అనేది ఇనుముకు తెల్దు."

ఆయన తల ఊపాడు. అర్థమైందో లేదో తెలియదు, నాకే సగం అర్థం కాలేదు. కట్ట మీద చెయ్యి తీయకుండానే అన్నాడు. "ఆ పొద్దు నేను వద్దన్నా. నాయన ఇనలేదు. నా మందను ఎండకు చంపమంటావా అన్నాడు."

"మీ అమ్మకు చెప్పు. నీ మీద ఉండే మాట పోతాది."

"నా మీదిది పోతాది" అన్నాడు. "యాడికి పోతాదన్నా అది?"

 ఆ మాట పోయి ఎవరి మీద కూర్చుంటుందో ఇద్దరికీ తెలుసు. బతికినవాడు మోస్తే మోయగలడేమో, పోయినవాడు తన తరఫున ఒక్క ముక్క చెప్పుకోలేడు. అయినా నాకు కోపం వచ్చింది. ఇన్ని రోజులు నేను పడ్డ పాట్లు ఎవరి కోసం? ఈ మనిషి బతుకుతెరువు నిలవాలనే కదా? తప్పు తనదంటే ఆమె బండిని ఇనుముకు వేసేస్తుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

వేపచెట్టు కింద నుంచి ఆమె లేచి వచ్చింది. బస్తాలు దించడం చూసి పని అయిందని గ్రహించినట్టుంది. "ఏం తేలిందప్పా?" అని నన్నే అడిగింది.

నేను నోరు తెరిచేలోగా కొడుకు చెప్పాడు. "బండిలో ఏం లేదంటమ్మా. అంతా బాగుండాదంట. నేనే పండుకున్నట్టుండా."

నా భాగస్థుడు పక్కకు తిరిగి లేని మట్టిని గుడ్డతో తుడుస్తున్నాడు. సాయిబు తన షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె కొడుకును వదిలేసి నన్ను చూసింది.  కొడుకు చెప్పింది అబద్ధమనలేను, ఎందుకంటే అబద్ధమో కాదో నాకే తెలియదు. నిజమనలేను. చివరికి నాకు తెలిసిన ఒక్క ముక్క చెప్పాను.

"ఇప్పుడు నిలబడతాదమ్మా. జీవాలు తక్కువ ఏసుకోండి, ఒగే వరస. నిలబడేదానికి నేను పూచీ."

"ఇనుముకు ఏసేద్దామా?" అని కొడుకు అడిగాడు, తల వంచుకునే.

ఆమె బండి వైపు చూసింది. కొత్త అద్దం, కొత్త రేకు, ఇంకా రంగు వేయని ఎడమ తలుపు.  హైవే మీద లారీలు పోతున్నాయి. నేను ఆమె మొహం చదవాలని చూశాను, నాకు చేతకాలేదు. ఆమెకు ఏమి తెలుసో, ఏమి అనుమానించిందో, కొడుకు మాటను నమ్మిందో లేదో, ఇప్పటికీ నాకు తెలియదు. నమ్మిందనే నేను అనుకుంటాను. అందుకే ఆ తర్వాత ఆమె చేసింది నాకు ఇంత గుర్తుంది.

నేల మీద పడి ఉన్న కమాన్ కట్టను దాటుకుని పోయి ఎడమ తలుపు తీసింది. లోపలి కడ్డీ పట్టుకుని, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా ఎక్కి భర్త పోయిన సీట్లో కూర్చుంది. కొంగు సర్దుకుంది. కొడుకు కదలలేదు.

"ఏం చూస్తాండావు? ఎక్కు" అంది. "మీ నాయనకు మాటలు తక్కువ. నేను మాట్లాడతా ఉంటా, నువ్వు తోలు."